ఆకు మందు మతిమరుపును ఆపుతుందా? ఎలా తేలుస్తారు?

జింకో చెట్టు ఆకుల సారం వాడితే ముసలితనంలో మతి తప్పదని చాలామంది నమ్మారు. నిజమెంత?

అమెరికాలో 75 ఏళ్లు పైబడిన 3,069 మందిని చీటీలు తీసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రోజుకు రెండుసార్లు 120 మిల్లీగ్రాముల జింకో మాత్ర. రెండో జట్టుకు అచ్చం అలాగే ఉండే, మందు లేని మాత్ర. ఏది ఎవరిదో మింగేవారికీ తెలియదు, పరీక్షించే డాక్టర్లకూ తెలియదు. ఎందుకంత గుట్టు? మందు వేసుకున్నామన్న నమ్మకమే కాస్త బాగున్నట్టు అనిపింపజేస్తుంది మరి!

ఆరేళ్లు గమనించారు. 2008లో తేలింది: జింకో డిమెన్షియాను, అంటే మతి తప్పే జబ్బును, ఆపలేదు.

అలాగని మొక్కల్ని కొట్టిపారేయకండి. స్నోడ్రాప్ అనే మొక్క దుంపల్లో దొరికిన గాలంటమైన్ మందును అల్జీమర్స్ రోగులకు ఇప్పటికీ ఇస్తున్నారు. అది జబ్బును నయం చేయదు. జ్ఞాపకానికి కావలసిన అసిటైల్‌కోలిన్ అనే రసాయనం మెదడులో త్వరగా విరిగిపోకుండా అడ్డుకుంటుంది. దాంతో కొందరికి కొన్నాళ్లపాటు గుర్తుపట్టడం తేలికవుతుంది.