నలుగురూ ఏమనుకుంటారు?

"నలుగురితో నారాయణ" అన్నారు పెద్దలు. పెళ్ళి భోజనాల దగ్గర నుంచి పెట్టుపోతల దాకా మన పనుల్లో మన ఇష్టం కొంత, నలుగురి భయం కొంత ఉంటుంది. ఈ భయానికి అంత బలం ఎక్కడిది?

1951లో సోలమన్ ఆష్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగాన్ని ప్రకటించాడు. కొందరు విద్యార్థులను ఒక గదిలో కూర్చోబెట్టి, ఒక గీతను చూపి, పక్కనున్న మూడు గీతల్లో దానితో సమానమైనది ఏదని అడిగాడు. చిన్నపిల్లలు కూడా చెప్పగల ప్రశ్న. అయితే ఒక్క విద్యార్థి తప్ప తక్కినవారంతా ముందే ఆయనతో కూడబలుక్కున్నవారు. వాళ్ళు కావాలని తప్పు చెప్పిన సందర్భాల్లో, ఆ ఒక్కడూ దాదాపు మూడోవంతు సార్లు వారితో పాటే తప్పు చెప్పాడు. గుంపులో మరొకరు నిజం చెబితే మాత్రం అతనికీ ధైర్యం వచ్చింది.

కట్టుబాటు రెండు నమ్మకాల మీద నిలుస్తుందని శాస్త్రజ్ఞులు అంటారు. ఇతరులు ఏం చేస్తున్నారు అన్నది ఒకటి. మనం ఏం చేయాలని వారు ఆశిస్తున్నారు అన్నది రెండోది. ఈ రెండో నమ్మకం తరచు పొరపాటే అవుతుంది. సౌదీ అరేబియాలో జరిగిన ఒక పరిశోధన 2020లో అచ్చయింది. భార్య బయటికి వెళ్ళి ఉద్యోగం చేస్తే తప్పులేదని ఎక్కువమంది యువకులు మనసులో అనుకుంటూనే, తోటివారు మాత్రం ఒప్పుకోరని భావించారట. అసలు సంగతి తెలిశాక భార్యలకు ఉద్యోగం చూసే ఏర్పాటుకు మరింతమంది ముందుకు వచ్చారు.

మరి వందల ఏళ్ళ ఆచారం సంగతి? చైనాలో ఆడపిల్లల పాదాలను చిన్ననాడే బిగించి కట్టేవారు. ఆ నొప్పి తల్లులకు తెలియనిది కాదు. కానీ కట్టకపోతే పిల్లకు పెళ్ళి కాదు. ఏ ఒక్క ఇల్లు మానుకున్నా నష్టపోయేది ఆ ఇంటి పిల్లే. 17వ శతాబ్దంలో చక్రవర్తి నిషేధించినా ఆచారం ఆగలేదు. 19వ శతాబ్దం చివర వెలసిన సంఘాల్లో చేరినవారు రెండు మాటలు ఇచ్చారు: మా కూతుళ్ళకు పాదాలు కట్టం, పాదాలు కట్టిన పిల్లను మా కొడుకులకు చేసుకోం. డింగ్‌షియాన్ అనే ప్రాంతంలో 1889లో నూటికి 99 మంది ఆడపిల్లలకు ఉన్న ఆ ఆచారం 1919 నాటికి పూర్తిగా పోయింది. ఇచ్చిపుచ్చుకునే కుటుంబాలే కలిసి, బహిరంగంగా మాట ఇవ్వడమే దీని కీలకమని 1996లో జెర్రీ మ్యాకీ అనే పండితుడు విశ్లేషించాడు.

ఇక మన ఇంటి సంగతి. గురజాడ వారి "కన్యాశుల్కం" నాటకం 1892లో తొలిసారి ప్రదర్శించిన నాటికి, కొన్ని కుటుంబాల్లో డబ్బు ఇచ్చేది మగపెళ్ళివారు. ఆ తర్వాత డబ్బు దారి మళ్ళి వరకట్నమైంది. అంటే ఇది అనాదిగా వస్తున్నదేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 1958లోనే, దేశమంతటికీ 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. అయినా "అందరూ ఇస్తున్నారు, మనం ఇవ్వకపోతే అమ్మాయికి సంబంధం కుదరదు" అనే మాట పోలేదు. అది పాదాలు కట్టిన తల్లి మాటే.

పొరుగు రాష్ట్రాల్లో స్థిరపడిన మనకు ఒక వీలుంది. సంబంధాలు వెతుక్కునేది చాలావరకు తెలిసినవారిలోనే. పండుగలకు, సంఘం సమావేశాలకు కలిసేదీ వారే. అక్కడ మాట ఇవ్వవలసింది ఆడపిల్లల తల్లిదండ్రులు మాత్రమే కాదు. "మేం తీసుకోం" అని మగపిల్లల తల్లిదండ్రులు ముందు లేవాలి. పదిమంది ఎదుట పది కుటుంబాలు లేచి నిలబడితే, పదకొండో కుటుంబానికి ధైర్యం వస్తుంది. మనం భయపడే ఆ నలుగురిలో మనమూ ఉన్నాం కదా!