నలుపులోంచి వెలుగు తోడినవాడు

పదిహేడో శతాబ్దం చివరి రోజుల్లో లండన్‌లో అచ్చయిన రూపచిత్రాల కింది అంచున సాధారణంగా రెండు పేర్లు కనిపిస్తాయి. ఒకదాని పక్కన లాటిన్‌లో ‘పింక్సిట్’, అంటే చిత్రించాడు అని ఉంటుంది. రెండోదాని పక్కన ‘ఫెకిట్’, అంటే చేశాడు అని. కళాచరిత్ర మొదటి పేరుకు పెద్దపీట వేసి, రెండో పేరును పనివాళ్ల పద్దులో రాసుకుంది. గాడ్‌ఫ్రీ నెల్లర్ ఆస్థాన చిత్రకారుడు. ఆయన బొమ్మలను రాగిరేకు మీదికి దించిన జాన్ స్మిత్ నకలు తీసినవాడు. ఈ లెక్క తప్పని నా వాదన. ఎందుకు తప్పో తెలియాలంటే ముందు ఆ రాగిరేకు సంగతి తెలియాలి.

స్మిత్ వాడిన మెజోటింట్ అనే పద్ధతిని 1642లో లుడ్విగ్ ఫాన్ సీగెన్ అనే జర్మన్ సైనికాధికారి మొదలుపెట్టాడు. ఒకటవ చార్లెస్ రాజు మేనల్లుడు రూపర్ట్ ద్వారా అది ఇంగ్లండు చేరింది. మామూలు చెక్కుడులో తెలుపు మీద నల్లగీతలు పుట్టిస్తారు. ఇక్కడ పని తలకిందులు. వంపు తిరిగిన అంచున సన్నటి పళ్లున్న ఉక్కు పనిముట్టును రేకు మీద ఊయలలా ఊపుతూ, నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా మళ్లీ మళ్లీ నడిపిస్తారు. రేకంతా గరుకెక్కుతుంది. అప్పుడే సిరా పూసి అచ్చు వేస్తే కాగితం మీద మఖమల్ లాంటి చిక్కటి నలుపు తప్ప ఇంకేమీ పడదు. ఆ చీకట్లోంచి ముక్కును, నుదుటిని, జుట్టు మీది మెరుపును గీకి గీకి పైకి తీసుకురావాలి. ఎంత నున్నగా గీకితే అంత తెలుపు. ఆసరాకు గీత అంటూ ఉండదు. పైగా నెల్లర్ బొమ్మలో ఎర్రకోటు, నీలిపట్టీ వేర్వేరు రంగులు. స్మిత్ చేతిలో ఉన్నది ఒకే సిరా. ఎరుపు ఎంత నలుపవుతుంది, నీలం ఎంత బూడిదవుతుంది, పట్టుబట్ట మడత దగ్గర వెలుగు ఎక్కడ ఆగిపోవాలి? నెల్లర్ చిత్రంలో వీటికి సిద్ధంగా జవాబు లేదు. స్మిత్ తేల్చుకోవలసిందే. దాన్ని నకలు అంటే అనువాదాలన్నీ నకళ్లే.

‘ఎంతైనా బొమ్మ ఊహించినవాడు నెల్లరే కదా’ అనవచ్చు. కాదనను. భంగిమ ఆయనది, చూపు ఆయనది. కానీ ఆ చూపు ఎవరి దాకా వెళ్లింది? నెల్లర్ 1702లో గీసిన న్యూటన్ చిత్రాన్ని ఎదురుగా నిలబడి చూడగలిగినవాళ్లు ఎందరు? 1712లో స్మిత్ దాన్ని మెజోటింట్‌గా చేశాక డబ్బు పెట్టి కొనుక్కోగల ఎవరింటి గోడకైనా అది ఎక్కవచ్చు. ‘అయితే అది కళ కాదు, వ్యాపారం’ అన్నది మరో ఆక్షేపణ. అవును, వ్యాపారమే. నార్తాంప్టన్‌షైర్‌లోని డావెంట్రీలో 1652 ప్రాంతంలో పుట్టిన ఈ మనిషి ఐజక్ బెకెట్ అనే మెజోటింట్ పనివాడి దగ్గర పని నేర్చుకుని, తర్వాత కోవెంట్ గార్డెన్‌లో రస్సెల్ వీధిలో ‘సింహం, కిరీటం’ గుర్తుతో సొంత కొట్టు పెట్టి, తన అచ్చులు తానే అమ్మాడు. రేకు చెక్కడం, అచ్చు ప్రచురించడం, అమ్మకం, మూడూ ఒకే మనిషి చేతిలో ఉండటం చిన్న విషయం కాదు. మెజోటింట్ రేకు త్వరగా అరిగిపోతుంది. గరుకు అణిగేకొద్దీ నలుపు వెలిసిపోతుంది. తన పేరు మీద అమ్మేవాడికి ఏ ప్రతి బాగుందో, ఏది పోయిందో కనిపెట్టే కన్ను ఉండి తీరాలి. దాన్ని దుకాణదారు తెలివి అని తీసిపారేయలేం.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం నెల్లర్‌దే. 1696లో ఆయన స్మిత్‌ను కూర్చోబెట్టి చిత్రం గీశాడు. రాజులకు, రాణులకు కేటాయించిన కుంచె ఒక చెక్కుడు పనివాడి ముఖం మీద నిలిచింది. అందులో స్మిత్ చేతిలో ఒక మెజోటింట్ ఉంటుంది. అది నెల్లర్ ముఖమే, స్మిత్ చేసినదే. గిట్టనివాళ్లు దీన్ని సొంత డప్పు అంటారేమో. ఇంకొకడి చిత్రంలోనూ తన బొమ్మనే చూపించుకున్నాడు కదా! ఆ ఎత్తిపొడుపులో కొంత నిజం లేకపోలేదు. కానీ డప్పే కొట్టుకోదలచినవాడు నూనెరంగుల్లో వేసిన తన చిత్రాన్ని చూపించుకోవచ్చు. నెల్లర్ మాత్రం స్మిత్ అచ్చు తీసిన కాగితాన్ని ఎంచుకున్నాడు, తన ముఖం లోకంలో తిరుగుతున్నది ఆ కాగితం మీదే కాబట్టి. ఇరవై ఏళ్లకు, 1716లో, స్మిత్ ఆ చిత్రాన్నీ రాగిరేకు మీదికి దించాడు. ఈసారి చీకట్లోంచి గీకి తీసినది తన ముఖాన్నే.