మిర్చి టిక్కీకి ఊరి పేరు ఉంటుందా?

రాజుపాలెం మండలంలో కోసిన మిరపకాయ కల్లంలో ఎండి, టిక్కీ (మిర్చి బస్తా)లోకెక్కి గుంటూరు యార్డు దాటేసరికి దాని ఊరూ పేరూ పోతాయి. ఎగుమతిదారు రంగు, ఘాటు చూసి పది ఊళ్ల సరుకు కలుపుతాడు. విదేశంలో అందులో పురుగుమందు అవశేషాలో, అఫ్లాటాక్సిన్ (సరిగా ఆరని కాయకు పట్టే బూజు నుంచి పుట్టే విషం) ఎక్కువో బయటపడితే తప్పు ఏ చేనిదో తేలదు. జాగ్రత్తగా పండించిన రైతుకూ ఆ దెబ్బ తగులుతుంది.

ఈ చిక్కు విప్పడానికే 2021 ఏప్రిల్‌లో సుగంధ ద్రవ్యాల బోర్డు, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ యూఎన్‌డీపీ ఒప్పందం చేసుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని జిల్లాల్లో 3,000 మందికి పైగా మిర్చి, పసుపు రైతులతో బ్లాక్‌చెయిన్ ప్రయోగం తలపెట్టాయి.

బ్లాక్‌చెయిన్ అంటే పలువురి దగ్గర ఒకే రకంగా ఉండే ఖాతా. మందు కొట్టిన తేదీ, కాటా తూకం, ల్యాబ్ ఫలితం వంటి నమోదులు బ్లాకులుగా చేరతాయి. ప్రతి బ్లాకులో ముందు బ్లాకు హ్యాష్ (ఆ సమాచారం నుంచే లెక్కకట్టిన గుర్తు) ఉంటుంది. ఎవరైనా తర్వాత 42 కిలోల తూకాన్ని 40గా దిద్దితే ఆ బ్లాకు హ్యాష్ మారుతుంది. తర్వాతి బ్లాకులో ఉన్న గుర్తుతో అది పొసగదు. ఇతరుల ప్రతులతోనూ తేడా వస్తుంది. దిద్దుబాటు దాగదు. టిక్కీకి తగిలించిన కోడుతో ఈ నమోదులు చూసి, దోషం దొరికిన లాటు (ఒకే చేని సరుకు)ను మాత్రమే ఆపవచ్చు.

అయితే మొదట రాసింది నిజమో కాదో ఈ ఖాతాకు తెలియదు. మందు కొట్టి కొట్టలేదని రాస్తే ఆ అబద్ధమూ అంతే భద్రంగా ఉంటుంది. పొరపాటు పడినా చెరపలేం, సవరణగా మరో నమోదు చేర్చాలి. ప్రతులన్నీ ఒకే ఆఫీసు చేతిలో ఉంటే మామూలు డేటాబేసు చాలు. బిట్‌కాయిన్‌లా కరెంటు తాగుతుందన్న భయం మాత్రం అక్కర్లేదు. అనుమతి ఉన్నవారే రాసే ఖాతాకు, బిట్‌కాయిన్‌లో బ్లాకు చేర్చేందుకు కంప్యూటర్లు పోటీపడి చేసే లెక్కలతో పనిలేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది రైతు మీద పడే పని. కూలీలతో కోయించి, తాలుకాయ ఏరించే రోజుల్లో ఫోనులో వివరాలు ఎక్కించేదెవరు? కౌలు రైతు చేతిలో పొలం కాగితమే ఉండదు. పంట అతనిదైనా, ఖాతాలో భూయజమాని పేరే ఎక్కవచ్చు. ఇంత చేసినందుకు క్వింటాకు ఎంత ఎక్కువ ఇస్తారో కొనేవారు ముందే చెప్పాలి. కోడు తగిలించిన టిక్కీని యార్డులో, కోల్డ్ స్టోరేజీలో విడిగా ఉంచాలి. ఒక్కసారి కలిపితే ఆ కోడు చూపించే చేను ఒకటి, బస్తాలో ఉన్న కాయ మరొకటి.