మన గోదావరి నీళ్లలో పరమాణు పాఠం



పరమాణు నిర్మాణం పాఠం మొదలైతే చాలు, ఇంట్లో "డాల్టన్ 1808, థామ్సన్ 1897, రూథర్‌ఫర్డ్ 1911" అని అప్పజెప్పడం వినిపిస్తుంది. మనం పుస్తకం పట్టుకుని సరిచూస్తాం. ఒక మార్కు ప్రశ్నకు అది సరిపోతుంది. పాఠం అర్థం కావాలంటే మాత్రం ఆ పేర్ల మధ్య ఏం జరిగిందో తెలియాలి.

డాల్టన్ చెప్పిన వాటిలో రెండు ముఖ్యమైన మాటలున్నాయి. పరమాణువును విడగొట్టలేం. ఒకే మూలకం పరమాణువులన్నీ ఒకే బరువుంటాయి.

మొదటి మాట థామ్సన్ ప్రయోగంతో మారింది. పరమాణువులో అంతకంటే చిన్నదైన ఎలక్ట్రాన్ ఉందని తేలింది. తర్వాత పలుచని బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాలను పంపితే చాలావరకు నేరుగా దూసుకుపోయాయి. ఏ కొన్నో వెనక్కి తిరిగొచ్చాయి. అంటే లోపల ఎక్కువ భాగం ఖాళీ, మధ్యలో చిన్న కేంద్రకం ఉందని రూథర్‌ఫర్డ్ గ్రహించారు. పరమాణువు క్రికెట్ మైదానమంత అనుకుంటే కేంద్రకం ఆవగింజంత.

రెండో మాట ఎలా మారిందో చెప్పడానికి మన ఉమ్మడి ఖమ్మం జిల్లాలోనే ఉదాహరణ ఉంది. మణుగూరు దగ్గర, అశ్వాపురం మండలంలోని భారజల కర్మాగారం 1991 నుంచి గోదావరి నీళ్ల నుంచి భారజలాన్ని వేరు చేస్తోంది. మామూలు హైడ్రోజన్ కేంద్రకంలో ఒక ప్రోటాన్ మాత్రమే ఉంటుంది. సుమారు 6,500 హైడ్రోజన్ పరమాణువుల్లో ఒకదానికి ప్రోటాన్‌తో పాటు ఒక న్యూట్రాన్ కూడా ఉంటుంది. అదే డ్యుటీరియం. బరువు దాదాపు రెట్టింపు, అయినా అదీ హైడ్రోజనే. యూరీ 1931లో దాన్ని కనుగొన్నారు. ఆ అదనపు బరువు న్యూట్రాన్‌దని 1932లో చాడ్విక్ పరిశోధనతో తెలిసింది.

భారజలంతో చేసిన ఐసు ముక్క మామూలు నీళ్లలో తేలదు, మునుగుతుంది. అణు విద్యుత్ కేంద్రాల్లో న్యూట్రాన్ల వేగం తగ్గించడానికి భారజలాన్ని వాడతారు. డ్యుటీరియం కొద్దిగా మనం తాగే నీళ్లలోనూ సహజంగానే ఉంటుంది, భయపడనక్కర్లేదు.

అలాగని డాల్టన్‌ను ఎవరూ పక్కన పెట్టలేదు. మూలకాలు పరమాణువులుగా, లెక్క ప్రకారం కలుస్తాయన్న ఆయన ఆలోచన మీదే ఈనాటికీ రసాయన శాస్త్రం నడుస్తోంది. తప్పు దొరికిన చోట సరిదిద్దుకుంటూ ముందుకు పోవడమే సైన్సు. తప్పు చెబుతానేమోనని చెయ్యెత్తడానికి జంకే పిల్లలకు ఈ సంగతి తెలియడం మార్కులంత ముఖ్యం.

ఈ నెల ఇంట్లో: సంవత్సరం అడిగాక ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. "ఆయనకు ఆ విషయం ఎలా తెలిసింది?" "ముందువాళ్లు చెప్పిన దాంట్లో ఏం మారింది?" జవాబు మీకు తెలియకపోయినా ఫర్వాలేదు. మీ పిల్లల చేతే చెప్పించుకుని వినండి. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగారంటే పాఠం వచ్చినట్టే.