షహీద్ అంటే సాక్షి

సుల్తానాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో ముహర్రం వచ్చిందంటే పీరీలు లేస్తాయి. వాటిని ఎత్తుకునేవారిలో, గుండం చుట్టూ ఆడేవారిలో హిందూ సోదరులూ ఉంటారు. ఈ ఆచారాలపై మన ఉలమాల అభ్యంతరాలు ఉండనే ఉన్నాయి. అయినా ఊరంతా తలచుకునేది ఒక్కరినే. హిజ్రీ 61 (క్రీ.శ. 680)లో యజీద్‌కు బైఅత్ చేయనని నిలబడి, కర్బలాలో దాహంతోనే ప్రాణమిచ్చిన హజ్రత్ ఇమామ్ హుసైన్ (రజి)ను.

ఆయనను షహీద్ అంటాం. తెలుగులో అమరవీరుడని రాస్తాం. కాని అరబ్బీలో ఆ మాటకు మూలార్థం సాక్షి. మనం పలికే కలిమా షహాదత్‌లో ఉన్నదీ అదే మాట. కనుక దేనికి సాక్షిగా నిలిచాడన్నది ముందు చూడాలి, ఎలా మరణించాడన్నది తర్వాత. ప్లేగు సోకి, కడుపు జబ్బుతో, నీట మునిగి, గోడ కూలి చనిపోయిన విశ్వాసులనూ దైవప్రవక్త (స) షహీదులలో చేర్చారు. తన సొత్తును కాపాడుకుంటూ హతుడైనవాడినీ చేర్చారు. వీరుడనిపించుకోవాలని పోరాడి చచ్చినవాడికి మాత్రం తీర్పుదినాన నరకమేనని హెచ్చరించారు. చావు ఒకటే, సంకల్పం వేరు. ఆ సంకల్పం అల్లాహ్‌కే ఎరుక. మరి ఈ బిరుదును ఎవరికి పడితే వారికి మనమెలా పంచిపెడుతున్నాం?

సొత్తు అనగానే మాకు షేక్ బందగీ గుర్తుకొస్తాడు. జనగామ ప్రాంతంలోని కామారెడ్డిగూడెం రైతు. తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురునిలిచి కోర్టుకెక్కాడు. 1940ల తొలినాళ్లలో దేశ్‌ముఖ్ మనుషులు దారికాచి చంపారు. 'మా భూమి' నాటకానికి ప్రేరణ ఆయన కథే. ఆయన చేతిలో కత్తి లేదు, కోర్టు కాగితాలే.

ఇంకొకరి చేతిలో కలం. 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలవాలని, రజాకార్ల ఆగడాలు ఆగాలని రాశారు. 1948 ఆగస్టు 21 రాత్రి ఇంటికి వెళుతుండగా దాడి చేసి, రాసే చేతిని నరికారు. చంపినవారి నోట మతం పేరు, చనిపోయినవాడూ ముస్లిమే. దుర్మార్గుడైన పాలకుని ఎదుట సత్యం పలకడం శ్రేష్ఠమైన జిహాద్ అన్న హదీసును మనం ఖుత్బాల్లో ఎన్నోసార్లు విన్నాం. దాని వెంట షోయబుల్లాఖాన్ పేరు మాత్రం మేము ఒక్కసారీ వినలేదు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లయినా నిండలేదు.