బ్రేకులో దూరిన బుడగ

మా కోనసీమలో కొండలు లేవు, గుట్టలు లేవు. అమలాపురం నుంచి రాజోలు దాకా, అక్కడినుంచి అంతర్వేది దాకా సైకిలు తొక్కుకుంటూ పోతే నేలంతా అరిటాకు పరిచినట్టు చదునుగా వుంటుంది. పల్లమనేది తగిలేది రెండే చోట్ల. ఒకటి వంతెన దిగేటప్పుడు, రెండోది ఏటిగట్టు మీదనుంచి రేవులోకి దిగేటప్పుడు. బ్రేకు విలువ తెలిసేది కూడా ఆ రెండు చోట్లనే.

మా మనవరాలు తొమ్మిదో తరగతి చదువుతున్నది. వాళ్ల నాన్న దానికి డిస్కు బ్రేకుల సైకిలు కొని పెట్టాడు. ఒకనాటి సాయంత్రం వెనకచక్రం పంక్చరు అయింది. నేను సైకిలును తలకిందులుగా నిలబెట్టి, ట్యూబు బయటికి లాగి, నీళ్ల బకెట్టులో ముంచి, కన్నం కనిపెట్టి అతుకు వేశాను. చిన్నప్పటినుంచీ నాకు తెలిసిన పద్ధతి అదే. అతుకు బాగా ఆరాలి గదా అని రాత్రంతా సైకిలును అలాగే వుంచేశాను.

మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల పంటు అందుకోవాలని రేవులోకి దిగుతూ ముందుబ్రేకు నొక్కింది. మీట మెత్తగా వెళ్లి హేండిలుకు ఆనుకున్నది. సైకిలు ఆగలేదు! వెనకబ్రేకు గట్టిగా పట్టి, కాళ్లు ఇసకలో ఈడ్చి, నీటికి రెండు బారల దూరంలో ఎలాగో ఆగింది. మోచెయ్యి చీరుకుపోయింది. ఇంటికి వచ్చి, "తాతగారూ, నిన్న నా సైకిల్ని ఏం చేశారండీ?" అన్నది.

ముప్పై ఏళ్లకు పైగా బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి, చప్పున జవాబు చెప్పలేకపోయాను.

పిల్లలూ, ఈ బ్రేకులో మామూలు సైకిలుకు వున్నట్టు ఇనప కడ్డీ గాని, తీగ గాని వుండదు. మీట దగ్గర చిన్న తొట్టి, దాని పక్కన ఒక ముషలకం, అక్కడినుంచి చక్రం దాకా సన్నని గొట్టం, గొట్టం నిండా నూనె. మీట నొక్కితే ముషలకం నూనెను తోస్తుంది. ఆ నూనె చక్రం దగ్గర వున్న రెండు ముషలకాలను తోస్తుంది. అవి ఇనప పళ్లాన్ని చెరొక వైపునుంచీ అదిమి పట్టుకుంటాయి.

మూసివున్న ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్ని వైపులకూ సమంగా పాకుతుందని చెప్పినవాడు పాస్కల్ అనే ఫ్రెంచి పండితుడు (1623-1662). ఆ సూత్రంతోనే బ్రామా అనే ఇంగ్లీషువాడు 1795లో పెద్ద బరువులతో అదిమే యంత్రానికి హక్కుపత్రం పొందాడు. అమెరికాలో 1921లో వచ్చిన డ్యూసెన్‌బర్గ్ అనే మోటారుకారుకు నాలుగు చక్రాలకూ నూనె బ్రేకులే. సైకిలుకు అవి రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది.

కొంచెం లెక్క చేద్దాం. మీట దగ్గరి ముషలకం అడ్డుకొలత 10 మిల్లీమీటర్లు, చక్రం దగ్గరివి ఒక్కొక్కటి 22 మిల్లీమీటర్లు అనుకోండి. వైశాల్యాల నిష్పత్తి 100కు 484. అంటే బలం 4.84 రెట్లయింది! కాని ఉచితంగా ఏదీ రాదు. చక్రం దగ్గరి ముషలకాలు రెండూ చెరి అర మిల్లీమీటరు కదలాలంటే మీట దగ్గరిది 4.84 మిల్లీమీటర్లు కదలవలసిందే. లెక్క మీరే సరిచూసుకోండి.

ఇక బుడగ సంగతి. సూదిలేని సిరంజి ఒకటి తీసుకోండి. నీళ్లు నింపి, మూతిని బొటనవేలితో మూసి నొక్కండి. కదలదు. ఈసారి గాలితో నింపి నొక్కండి. మెత్తగా లోపలికి పోతుంది. నీళ్లు నొక్కుడుపడవు, గాలి నొక్కుడుపడుతుంది. నూనెలో పెసరగింజంత బుడగలు మూడు చేరితే చాలు, మీట దగ్గరి ముషలకం వాటిని నొక్కడానికే సుమారు 1.3 మిల్లీమీటర్లు వ్యర్థంగా నడుస్తుంది. మీట కొన దగ్గర అది అయిదింతలు అనుకుంటే ఆరున్నర మిల్లీమీటర్లు! బుడగలు ఇంకా ఎక్కువైతే మీట హేండిలుకు తగులుతుంది గాని చక్రం ఆగదు.

ఆ బుడగ ఎక్కడనుంచి వచ్చింది? తొట్టిలో నూనె తగ్గి, పైన కాస్త గాలి చేరివుండాలి. సైకిలు నిటారుగా వున్నంతకాలం ఆ గాలి పైనే వుంటుంది, హాని లేదు. నేను తలకిందులు చేశాను గదా! గాలి పైకి పాకే గుణం కలది. తొట్టి కిందికి, గొట్టం పైకి అయ్యేసరికి అది గొట్టంలోకి దూరింది. వెనకబ్రేకు తొట్టి నిండుగా వున్నది గనక అది పిల్లను కాపాడింది.

సైకిలు నిలబెట్టి మీటను చాలాసార్లు నొక్కితే కొంత గాలి తిరిగి తొట్టిలోకి పోయింది, మీట గట్టిపడింది. "ఇక చాలులెండి" అన్నాడు పక్కింటాయన. నాకు నచ్చలేదు. తొట్టిలో గాలి అలాగే వున్నది గదా.

మోటారు సైకిళ్లు బాగుచేసే కుర్రవాడు, "మా దగ్గర బ్రేకు ఆయిలు వుందండి మాస్టారూ, పోసేద్దామండి" అన్నాడు. ఇక్కడే జాగ్రత్త. వాళ్లు వాడేది డాట్ అనే రకం. అది గాలిలోని తేమను పీలుస్తుంది, రంగును తినేస్తుంది. మా సైకిలుకు కావలసింది ఖనిజతైలం. ఒకదాని బదులు మరొకటి పోస్తే లోపలి రబ్బరు వలయాలు చెడిపోతాయి. ఏది పొయ్యాలో మీట మీదనో, బ్రేకు కాగితంలోనో రాసివుంటుంది. మనవరాలు కొబ్బరినూనె పోద్దామన్నది. కోనసీమ బిడ్డ గదా! "పుష్యమాసం చలికి సీసాలో గడ్డకట్టేది గొట్టంలో కట్టదా?" అని అడిగితే నవ్వింది.

సరైన నూనె, సిరంజి, గరాటు పట్నంనుంచి తెప్పించాం. ఆదివారం పొద్దున వరండాలో పాత కాగితాలు పరిచి పని మొదలుపెట్టాం. చక్రం తీసి దూరంగా పెట్టాం, ఎందుకంటే పళ్లెం మీద ఒక్క చుక్క నూనె పడినా బ్రేకు జారుతుంది. పళ్లాన్ని పట్టుకునే బిళ్లలు కూడా ఊడదీసి, వాటి స్థానంలో దిమ్మ పెట్టాం. తొట్టి మీది మర తీసి గరాటు బిగించాం. కింద చక్రం దగ్గరి మూతికి నూనె నింపిన సిరంజి తగిలించి, మూతిని స్పానరుతో కొద్దిగా తెరిచి, మెల్లగా తోశాను. గాలి పైకి పోయేదే గదా, దానికి దారి చూపడమే మన పని. గరాటులో బుడబుడమంటూ బుడగలు లేచాయి! వెనక టీ డికాక్షను లాంటి పాత నూనె వచ్చింది.

మూతి మూసి, గొట్టాన్ని కిందినుంచి పైదాకా వేలితో తడుతూ మీటను మెల్లగా ఆడిస్తే మరికొన్ని వచ్చాయి. మొండివి కొన్ని చక్రం దగ్గరే దాక్కున్నాయి. సిరంజి తీసి, మూతికి సన్నగొట్టం తగిలించి సీసాలోకి వదిలాం. పిల్ల మీట నొక్కి పట్టాలి, నేను మూతిని ఒక్క క్షణం తెరిచి మూయాలి, ఆ తరవాతనే పిల్ల మీట వదలాలి. మొదటిసారి నేను మూయకముందే వదిలేసింది. సీసాగొట్టంలోని గాలి గుటుక్కున లోపలికి పోయింది. మళ్లీ మొదటినుంచీ! రెండోసారి "నొక్కాను", "మూశాను", "వదిలాను" అని పైకి చెప్పుకుంటూ చేశాం. మీట రాయిలా నిలిచింది.

గరాటు తీసి తొట్టి అంచుదాకా నూనె వుండగానే మర బిగించాం. స్పిరిటు గుడ్డతో అంతా తుడిచి, బిళ్లలూ చక్రమూ అమర్చాం. మీటను బలంగా నొక్కి పట్టి ఎక్కడైనా చెమ్మ వస్తుందేమో చూశాను. రాలేదు. ముందు వాకిట్లో సైకిలును నడిపించుకుంటూ, తరవాత చదును వీధిలో నెమ్మదిగా ఎక్కి బ్రేకు పరీక్షించింది. ఏటిగట్టు దగ్గరికి మాత్రం నేనూ వెంట వెళ్లాను. పాత నూనెను కాలువలో పొయ్యకుండా సీసాలో పోసి మెకానిక్కు ఇచ్చాం.

ఇప్పుడు మా ఇంట్లో పంక్చరు వెయ్యాలంటే సైకిలును నిటారుగానే మామిడికొమ్మకు తాళ్లతో వేలాడదీస్తున్నాను. తాళ్లు కట్టేది మనవరాలే. ముడి నాకు చేతకాదట.