బ్లేడు ఎన్నాళ్లు మన్నుతుంది? ఢిల్లీ నీటికీ గడ్డానికీ ఉన్న సంబంధం

ఉన్నత విద్యకో, ఉద్యోగానికో, సివిల్ సర్వీసుల పరీక్ష శిక్షణకో తెలుగు రాష్ట్రాల నుంచి దేశ రాజధానికి వచ్చే యువకులకు మొదటి చలికాలంలోనే ఎదురయ్యే చిన్న చిక్కు ఒకటి ఉంది. ఊళ్లో వారం పాటు హాయిగా పనిచేసిన బ్లేడు ముఖర్జీ నగర్ గదిలోనో, ద్వారక ఫ్లాటులోనో మూడో రోజుకే వెంట్రుకను తెగ్గోయకుండా లాగడం మొదలుపెడుతుంది. సబ్బు ఎంత రుద్దినా నురుగు నిలవదు. గడ్డం గీసుకున్న తరువాత దవడల కింద మంట, ఎర్రటి పొక్కులు కనిపిస్తాయి. దుకాణదారు నకిలీ సరుకు అంటగట్టాడని అనుమానించడం పరిపాటి. కానీ చాలా సందర్భాల్లో తప్పు బ్లేడుది కాదు. దాన్ని చెంపకు ఆనించే ముందు గడిచిన రెండు మూడు నిమిషాల్లోనే అసలు సంగతి ఉంది.

బ్లేడు ఎందుకు మొద్దుబారుతుందన్న ప్రశ్నకు అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు 2020లో సైన్స్ పత్రికలో ఆసక్తికరమైన సమాధానం ఇచ్చారు. వెంట్రుక ఉక్కు కంటే దాదాపు 50 రెట్లు మెత్తనిది. అటువంటిది ఉక్కును ఎలా పాడుచేస్తుంది? పరిశోధక విద్యార్థి జాన్‌లూకా రోషియోలి తన గడ్డాన్నే ప్రయోగశాలగా చేసుకుని, గీసుకున్న ప్రతిసారీ బ్లేడు అంచును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించాడు. అంచు క్రమంగా అరిగి గుండ్రబడుతుందని అందరూ అనుకునేవారు. అరుగుదల స్వల్పమేనని, అక్కడక్కడ సూక్ష్మమైన పెచ్చులు ఊడి అంచు గంట్లు పడుతోందని తేలింది. వెంట్రుక నిటారుగా నిలవక బ్లేడు ఒత్తిడికి వంగినప్పుడు, ఉక్కు నిర్మాణం సమంగా లేని చోట దాని పక్క భాగం తగిలినప్పుడు ఈ పెచ్చులు లేస్తున్నాయి. ఒకచోట గంటు పడితే దాని చుట్టూ మరికొన్ని పడటం తేలికవుతుంది.

ఉక్కు నిర్మాణం తయారీదారు చేతిలో ఉంటుంది. వెంట్రుక ఏ స్థితిలో బ్లేడుకు ఎదురవుతుందన్నది మాత్రం మన చేతిలోనే ఉంది.

పొడిగా ఉన్న గడ్డపు వెంట్రుక బిరుసైనది. నీటిలో నానితే అది తన బరువులో దాదాపు 30 శాతం వరకు నీటిని పీల్చుకుని, కొద్దిగా ఉబ్బి మెత్తబడుతుంది. అప్పుడు దాన్ని తెంపడానికి కావలసిన బలం గణనీయంగా తగ్గుతుంది. ఆ మేరకు బ్లేడుకూ చర్మానికీ శ్రమ తగ్గుతుంది. అయితే ముఖంపై నీళ్లు చిలకరించుకున్నంత మాత్రాన ఇది జరగదు. వెంట్రుకపై ఉండే చర్మపు జిడ్డు నీటిని అడ్డుకుంటుంది కనుక ముందు ముఖాన్ని సబ్బుతో కడుక్కోవాలి. తరువాత కనీసం రెండు మూడు నిమిషాలు తడి నిలవాలి. స్నానం చేశాక గడ్డం గీసుకోవడం మేలని చర్మవైద్యులు చెప్పడం అందుకే. మన ఇళ్లలో క్షవరం ముగిశాకే స్నానం చేయాలన్న ఆచారం బలంగా ఉంది. దాన్ని విడిచిపెట్టనక్కర లేదు. గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన తువ్వాలును రెండు నిమిషాలు దవడలకు అదిమి ఉంచినా ఫలితం దక్కుతుంది.

ఇక నీటి సంగతి. రాజధాని ప్రాంతమంతటా ఒకే నీరు రాదు. సోనియా విహార్ శుద్ధి కేంద్రం గంగ కాలువ నీటిని అందిస్తుంది. వజీరాబాద్, చంద్రావల్ కేంద్రాలు యమునపై ఆధారపడ్డాయి. ఈ సరఫరా చాలని కాలనీల్లోనూ, గురుగ్రామ్, నోయిడా, గ్రేటర్ నోయిడా అపార్టుమెంట్లలో అనేకం లోనూ బోరు నీరో, ట్యాంకరు నీరో కలుస్తుంది. భూగర్భ జలంలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించిన ఆమోదయోగ్య కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు. మరో వనరు లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. గోదావరి నీటికి అలవాటుపడిన ముఖానికి ఈ తేడా తొలి రోజునే తెలుస్తుంది.

కఠినజలం బ్లేడును నేరుగా కోసేయదు, నురుగును చంపుతుంది. సబ్బులోని కొవ్వు ఆమ్లాలు కాల్షియంతో కలిసి, నీటిలో కరగని తెల్లటి తెట్టుగా మారతాయి. నురుగు కావలసిన సబ్బులో కొంత భాగం ఆ తెట్టు కిందే ఖర్చైపోతుంది. మిగిలిన పలుచని నురుగు వెంట్రుక చుట్టూ తేమను నిలపలేదు, బ్లేడు జారడానికి కావలసిన నునుపునూ ఇవ్వలేదు. తెట్టు రేజరు సందుల్లో పేరుకుని వెంట్రుక ముక్కలను పట్టి ఉంచుతుంది కూడా. నీళ్లు కాచే ఇమ్మర్షన్ రాడ్డుపై నెల తిరగకుండానే తెల్లని పెచ్చు కట్టిందంటే, ఆ గదిలో గడ్డం సబ్బు ఎందుకు నురగడం లేదో వేరే చెప్పనక్కర లేదు.

విరుగుడు సులభమైనదే. బైకార్బనేట్ల వల్ల వచ్చే తాత్కాలిక కాఠిన్యం నీటిని మరిగిస్తే పోతుంది. మరిగించి, తేర్చి, గోరువెచ్చగా వాడుకోవచ్చు. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చే కాఠిన్యం మరిగించినా పోదు. ఇంట్లో ఆర్వో యంత్రం ఉంటే ఒక గ్లాసు శుద్ధజలం నురుగు కట్టడానికీ, రేజరు జాడించడానికీ సరిపోతుంది. ఆర్వో నుంచి వృథాగా పోయే నీటిని పొదుపు పేరిట ఇందుకు వాడకూడదు. లవణాలన్నీ చేరేది అందులోనే. నురుగును చేత్తో కంటే బ్రష్‌తో కట్టడం మంచిది. వెంట్రుకలను లేపి, వాటి మొదళ్ల దాకా తడిని చేర్చే పని బ్రష్‌దే. తరువాత వెంట్రుక వాలు వెంట, బరువు మోపకుండా, పొట్టి గీతలుగా గీయాలి. మొదటి గీతలోనే చర్మం అద్దంలా మెరవాలని ఎదురు వాలుకు గట్టిగా నొక్కేవారికి చర్మంలోకి తిరిగి పెరిగే వెంట్రుకల బాధ తప్పదు. ఉంగరాల గడ్డం ఉన్నవారికి అది మరీ ఎక్కువ.

ఇంత చేస్తే బ్లేడు ఎన్నిసార్లు వస్తుంది? ఐదు నుంచి ఏడు సార్లు వాడాక మార్చమని అమెరికన్ చర్మవైద్యుల అకాడమీ సూచిస్తుంది. దట్టమైన గడ్డానికి ఇది మూడు కావచ్చు, పలుచని గడ్డానికి పది కావచ్చు. లెక్క కంటే నమ్మదగిన గుర్తు ఒకటుంది: బ్లేడు లాగినట్టు అనిపించిన రోజే దాని ఆయుష్షు తీరినట్టు. మరొక్క రోజు చూద్దామనుకుంటే గాట్లు పడతాయి. వాడిన బ్లేడును బాగా జాడించి, నీరు విదిలించి, స్నానాల గది తేమకు దూరంగా ఆరనివ్వాలి. తువ్వాలుతో తుడిస్తే అంచు దెబ్బతింటుంది, వేళ్లూ తెగుతాయి.

పాత బ్లేడుకు మళ్లీ పదును తెప్పించాలన్న ఆశ కొత్తది కాదు. గాజు గ్లాసు లోపలి గోడకు బ్లేడును రాసి పదును పెట్టిన తాతలు మనకు తెలుసు. 1959లో చెకోస్లొవేకియాలో ఒకాయన అట్ట పిరమిడ్ కింద ఉంచిన బ్లేడుకు పదును తిరిగి వస్తుందంటూ ఏకంగా పేటెంటే సంపాదించాడు! మంగలి కత్తి సంగతి వేరు. మందమైన ఆ ఉక్కును సాన మీద, తోలు పట్టీ మీద నూరి ఏళ్ల తరబడి వాడవచ్చు. పలుచని బ్లేడుకు పెచ్చు ఊడితే తిరిగి రాదు. పారవేయడానికే పుట్టిన వస్తువది. కింగ్ జిల్లెట్ సంస్థ 1903లో అమ్మింది 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. మరుసటి ఏడాదికే రేజర్ల అమ్మకం 90 వేలు దాటింది. నేడు ఆ పేరుతో నడిచే కర్మాగారం ఒకటి రాజధాని ప్రాంతంలోనే, రాజస్థాన్‌లోని భివాడిలో ఉంది. కాట్రిడ్జి ఖరీదైనది కనుక దాన్ని ఆదరంగా చూసుకోవడంలో అర్థముంది. కొన్ని రూపాయల బ్లేడు దగ్గర బేరం అనవసరం.

ఆ బేరం నిజంగా ప్రమాదకరమయ్యేది సెలూన్లలో, చెట్టుకింద కుర్చీల్లో. అక్కడ బ్లేడును మధ్యకు విరిచి, సగం ముక్కను ఉస్తరాలో బిగించి వాడతారు. ఆ సగం ఒక్కరికే వాడితే ఇబ్బంది లేదు. రెండో ముఖానికి వెళ్తేనే ముప్పు. కంటికి కనిపించనంత రక్తం అంటినా హెపటైటిస్ బి, సి సోకే అవకాశం ఉంటుంది. హెపటైటిస్ బి వైరస్ శరీరం వెలుపల కనీసం ఏడు రోజులు బతకగలదు. కంటికి పదునుగా కనిపించినంత మాత్రాన బ్లేడు శుభ్రమైనదని కాదు. కాగితం విప్పి కొత్త బ్లేడు తీయడాన్ని కళ్లారా చూశాకే గడ్డం అప్పగించాలి. చివర్లో అందరి ముఖాలపై రుద్దే ఒకే పటిక ముక్కనూ మర్యాదగా వద్దనవచ్చు. గాటుపై రుద్దేది అదే కదా. హెపటైటిస్ బికి టీకా ఉంది, సికి లేదు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ రెండింటికీ పరీక్షలు, మందులు ఉచితంగా లభిస్తాయి. ఇదే కారణంతో గదిలోని మిత్రుల మధ్య రేజరు మారకూడదు. హాస్టళ్లలో చనువు ఎక్కువ కనుక ఈ మాట ప్రత్యేకంగా చెప్పవలసి వస్తోంది.

వాడేసిన బ్లేడు చెత్తబుట్టలోకి నేరుగా పడితే దాన్ని ముందుగా తాకేది చెత్త వేరుచేసే కార్మికుల చేతులే. అమెరికాలోని పాత ఇళ్లలో స్నానాల గది అలమరలో సన్నని సందు ఉండేది. వాడిన బ్లేడ్లు అందులోంచి గోడ లోపలికి జారిపోయేవి. మనకు ఖాళీ రేకు డబ్బా చాలు. మూతకు చీలిక పెట్టి బ్లేడ్లు అందులో వేస్తూ పోతే, నిండడానికి ఏళ్లు పడుతుంది. నిండాక చీలికను టేపుతో మూసి, పైన హిందీలో ‘బ్లేడ్లు’ అని రాసి, చెత్త బండి వారికి విడిగా చేతికి ఇవ్వాలి.